బొమ్మలకు ఊపిరి పోసిన ప్రవాసి : లాడిస్లాస్ స్టారెవిచ్

పండుగ సంచికలో ఏటేటా మన మహనీయుల జీవితాలు చదువుకోవడం మనకు ఆనవాయితీ. వీరేశలింగం పంతులుగారిని గురించి, గురజాడవారిని గురించి, పొట్టి శ్రీరాములుగారిని గురించి మనవారు ఎన్నోసార్లు వ్రాసుకున్నారు, చదువుకున్నారు. ఈ ఏడు మేము తెలుగువాడు కాని ఒక మనిషి జీవితం వ్రాయబూనుకున్నాము. ఇదేమి వింత అని చదువరులు అనుకోవచ్చు. అందుకు కారణం ముందుగా మనవి చేసుకుంటాము.

మారిషస్ గడ్డ మీద పుట్టిన మూడో తరం వాళ్లం మేము. తాత చెరకు తోటలో పనిచేశారు. తండ్రికి తెలుగు మాట వచ్చు, వ్రాత రాదు. మాకైతే పగలు బడిలో ఫ్రెంచి, ఇంగ్లీషు, ఇంట్లో క్రియోలు, తెలుగు అక్షరాలు మాత్రం పెద్దయిన తరువాత సాయంకాలపు తరగతిలో దిద్దుకున్నవే. కనుక ఈ వ్యాసంలో భాషాదోషాలుంటే పెద్దలు మన్నింతురు గాక. బడిపంతులుగా జీవితమంతా గడిపి, ఇప్పుడు అదే సాయంకాలపు తరగతిలో పిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్నాము.

గత సంవత్సరం మా తరగతి పిల్లలు ఒక చిన్న సినిమా తీయాలని ముచ్చటపడ్డారు. పాత చీర గుడ్డతో, ఇనుపతీగతో, చిత్తుకాగితంతో జానెడు బొమ్మను చేశారు. ఆ బొమ్మ ఓడ దిగి వచ్చిన ముత్తాత. ఆయనకు ఎదురుగా కుర్చీలో కూర్చొని మాట్లాడవలసినది మాత్రం నిజమైన మనిషి. పిల్లలలో ఒకరి ముత్తవ్వ ఆ వేషానికి ఒప్పుకున్నారు. ఊరందరికీ ఆమె మామ్మగారే. తడుముకోకుండా తెలుగు మాట్లాడగలవారు మా ఊళ్లో నలుగురైదుగురు మిగిలి ఉంటే, ఆ నలుగురైదుగురిలో ఆమె ఒకరు.

బొమ్మను ఇసుమంత కదపడం, ఒక ఫోటో తీయడం, మళ్లీ ఇసుమంత కదపడం, మళ్లీ ఫోటో. ఇలా రెండు శనివారాలు గడిచాయి. ఫోటోలన్నీ వరుసగా తిప్పి చూస్తే బొమ్మ చక్కగా నడిచింది. కాని మామ్మగారు గడగడ వణికిపోయారు! ఒక ఫోటోకూ మరొక ఫోటోకూ నడుమ ఆమె ఊపిరి పీల్చుకుంటారు, రెప్ప వేస్తారు, పైట సర్దుకుంటారు గదా. ప్రాణం లేనిది ప్రాణమున్నట్లు, ప్రాణమున్నది మరబొమ్మ అయినట్లు కనబడింది. పిల్లలు విరగబడి నవ్వారు. అందరికన్నా మామ్మగారే ఎక్కువగా నవ్వారు. అప్పుడొక పిల్లవాడు అడిగాడు, బొమ్మలనూ మనుషులనూ కలిపి ఇంతకు ముందు ఎవరైనా సినిమా తీశారా అని. దానికి జవాబే ఈ వ్యాసం.

జననం, బాల్యం

లాడిస్లాస్ స్టారెవిచ్ 1882వ సంవత్సరం ఆగస్టు 8వ తేదీన మాస్కో నగరంలో జన్మించారు. తల్లిదండ్రులు పోలిష్ వారు. వారి కుటుంబాలు లిథువేనియా ప్రాంతానికి చెందినవి. ఆ కాలంలో ఆ ప్రాంతమంతా రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. పసితనంలోనే తల్లి కన్నుమూయగా, తల్లివైపు పెద్దలు ఆయనను కౌనాస్ పట్టణంలో పెంచారు. పుట్టినది ఒక ఊరు, పెరిగినది మరొక ఊరు. ఇంటిలో ఒక భాష, ప్రభుత్వానిది ఒక భాష, వీధిలో మరొక భాష. మన దీవిలోని పిల్లలకు ఈ స్థితి వివరించి చెప్పనక్కరలేదు.

ఆయన పేరు కూడా మన పేర్ల వంటిదే. పోలిష్‌లో ఒక విధంగా, రష్యనులో ఒక విధంగా, ఫ్రెంచిలో మరొక విధంగా వ్రాస్తారు. మన తాతల పేర్లు ఓడ చిట్టాలలో గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా నమోదై, నేటికీ అలాగే నిలిచిపోయాయి కదా.

బాల్యం నుంచి ఆయనకు మూడు వ్యసనాలు: బొమ్మలు గీయడం, వేషాలు కట్టడం, పురుగులను పట్టి దాచుకోవడం. సీతాకోకచిలుకలనూ పెంకుపురుగులనూ సేకరించి, వాటి కాళ్లూ రెక్కలూ ఎలా అమరి ఉన్నాయో శ్రద్ధగా పరిశీలించేవారు. కౌనాస్‌లో గుమాస్తా ఉద్యోగం చేస్తూ, తీరిక వేళల్లో అక్కడి మ్యూజియం పనిలో పాలుపంచుకునేవారు. 1906లో ఆన్నా అనే ఆమెను వివాహమాడారు. 1907లో పెద్ద కుమార్తె ఇరీనా పుట్టింది. ఈ ఇరీనా పేరు చదువరులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాము.

చచ్చిన పురుగులు పోట్లాడిన వైనం

1909 ప్రాంతంలో స్టారెవిచ్ చేతికి సినిమా కెమెరా వచ్చింది. ఆ చుట్టుపట్ల జనజీవనాన్ని, ప్రకృతిని మ్యూజియం కోసం చిన్న చిత్రాలుగా తీశారు. తరువాత దుప్పికొమ్ముల వంటి దవడలున్న పెంకుపురుగులు రెండు పోట్లాడుకునే దృశ్యం తీయాలని సంకల్పించారు. అవి రాత్రివేళ తిరిగే జీవులు. చిత్రం తీయడానికి దీపాలు వెలిగించగానే కదలకుండా ముడుచుకుని పడుకునేవి. ఎన్నిసార్లు ప్రయత్నించినా అదే వరస.

ఆ సమయంలో ఆయనకు ఎమిల్ కోల్ అనే ఫ్రెంచి దర్శకుడు 1908లో తీసిన అగ్గిపుల్లల చిత్రం గుర్తుకు వచ్చింది. అందులో అగ్గిపుల్లలు వాటంతట అవే నడుస్తున్నట్లు కనబడతాయి. ఆ కిటుకు స్టారెవిచ్ పట్టుకున్నారు. చచ్చిన పెంకుపురుగుల కాళ్లనూ దవడలనూ ఊడదీసి, మైనంతో తిరిగి అతికించి, ఎటు వంచితే అటు వంగే బొమ్మలుగా మార్చారు. ఒక్కొక్క ఫ్రేముకు వెంట్రుకవాసి కదుపుతూ ఆ పోరాటమంతా తీశారు. ఇది 1910 నాటి మాట. బొమ్మలను కదిపి తీసిన తొలి చిత్రాలలో దీనిని లెక్కిస్తారు.

1911లో ఆయన మాస్కోకు తరలిపోయి ఖాన్‌జోన్‌కోవ్ అనే నిర్మాత కంపెనీలో చేరారు. 1912లో పెంకుపురుగుల ప్రణయకథ ఒకటి, 'కెమెరామాన్ ప్రతీకారం' అనేది మరొకటి విడుదలయ్యాయి. ఈ రెండవది నేటికీ నవ్వు పుట్టిస్తుంది. ఒక పెంకుపురుగు దొర భార్యను ఇంట వదిలి పట్నం పోయి, తూనీగ నాట్యకత్తె వెంటబడతాడు. ఆమెను కోరి భంగపడిన మిడత కెమెరా పనివాడు. వాడు తాళపుచెవి కంతలోంచి ఇదంతా చిత్రం తీసేస్తాడు. ఇంటికి తిరిగివచ్చిన దొర, తన భార్య వేరొక పురుగుతో ఉండడం చూసి మండిపడతాడు. తరువాత ఏదో శాంతించి భార్యను సినిమాకు తీసుకొనిపోతే, అక్కడ తెర మీద కనబడేది తన బాగోతమే! పావుగంటలోపు కథ, పాత్రలన్నీ పురుగులు, లోపాలన్నీ మనుషులవి.

పురుగులకు ఇంత చక్కగా శిక్షణ ఎవరిచ్చారా అని ఆనాటి పత్రికలలో కొన్ని ఆశ్చర్యపోయాయి. ఇది మోసం కాదు, ఓపిక మాత్రమే. కీటకశాస్త్రం చదివినవాడికి ఏ కాలు ఎటు వంగుతుందో తెలుసు. ఆ తెలివే ఆయన పెట్టుబడి. మా తరగతి పిల్లలకు మేము చెప్పినది కూడా ఇదే. బొమ్మను కదిలించే ముందు మనిషి నడక గమనించాలి.

అదే రోజులలో తూనీగ, చీమ కథను తీసినందుకు రష్యా చక్రవర్తి నుంచి సత్కారం కూడా పొందారు. మనకు బడిలో లా ఫోంతేన్ కథలు చెప్పేటప్పుడు మొదట నేర్పే కీచురాయి, చీమ కథే అది. రష్యా పిల్లలకు అది క్రిలోవ్ కవి చెప్పగా తెలుసు. ఆ లా ఫోంతేన్ 1678లో వెలువరించిన రెండవ సంపుటంలో, తన కథలలో చాలావాటికి భారతదేశపు ఒక జ్ఞానికి ఋణపడి ఉన్నానని ఒప్పుకున్నాడు. పంచతంత్రం పారశీక, అరబ్బీ భాషల మీదుగా ఐరోపా చేరిన విధం అది. చిన్నయసూరిగారి నీతిచంద్రికకూ, మన ఫ్రెంచి వాచకానికీ మూలంలో ఇటువంటి చుట్టరికం ఉన్నది.

మనిషి కాలం వేరు, బొమ్మ కాలం వేరు

ఇక పిల్లవాడు అడిగిన ప్రశ్నకు వద్దాము. స్టారెవిచ్ బొమ్మలతోనే ఆగిపోలేదు. 1913లో గొగోల్ వ్రాసిన క్రిస్మస్ ముందురాత్రి కథను మనుషులతో తీశారు. మొజ్జూఖిన్ అనే ప్రసిద్ధ నటుడు అందులో దయ్యం వేషం కట్టాడు. ఆ దయ్యం చూస్తుండగానే చిన్నబోవడం వంటి వింతలన్నీ కెమెరా కిటుకులే. రష్యాలో ఉన్న కాలంలో ఆయన మనుషులతో తీసిన చిత్రాలు అనేకం. 1915లో బెల్జియం దేశం మీద జరిగిన దండయాత్రను పూలతోటకూ పురుగుల సేనకూ ముడిపెట్టి ఒక చిత్రం తీశారు. అందులో మనుషులూ ఉన్నారు, బొమ్మలూ ఉన్నాయి.

ఈ రెంటినీ కలపడంలో చిక్కు ఏమిటంటే, మనిషి కాలం వేరు, బొమ్మ కాలం వేరు. మాటలు వచ్చిన తరువాతి సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. అంటే నిమిషానికి 1440. మనిషి నడక నిమిషం సేపు తీయాలంటే నిమిషమే పడుతుంది. బొమ్మ నిమిషం సేపు నడవాలంటే 1440 సార్లు కదపాలి. అందుకు రోజులు పట్టవచ్చు. ఈ లోపల సూర్యుడు కదిలితే నీడ మారుతుంది. అందుకే తలుపులు మూసి, దీపాల వెలుగులోనే పని చేయాలి. బల్లకు చేయి తగిలితే చేసిన పని అంతా వృథా.

ఇందుకు ఉపాయాలు ఉన్నాయి. అన్నిటికన్నా సులువైనది, మనిషిని విడిగా, బొమ్మను విడిగా తీసి, ఒకదాని తరువాత ఒకటి అతకడం. పాప కిటికీలోంచి చూస్తుంది. తరువాతి దృశ్యంలో బొమ్మ కనబడుతుంది. చూసేవారి మనసే రెంటినీ కలుపుకుంటుంది. రెండవది, ఫ్రేములో సగం నల్లని అడ్డుతో మూసి మనిషిని తీసి, ఫిల్మును వెనక్కు తిప్పి, ఈసారి మిగతా సగంలో బొమ్మను తీయడం. మూడవది, ముందే తీసి ఉంచిన వీధి దృశ్యాన్ని బొమ్మ వెనుక తెర మీద ఒక్కొక్క ఫ్రేముగా నిలిపి, బొమ్మను ఒక అడుగు, దృశ్యాన్ని ఒక ఫ్రేము చొప్పున ముందుకు జరపడం. మేము మామ్మగారిని బొమ్మతోపాటు ఫ్రేము ఫ్రేముకూ కూర్చోబెట్టడమే పొరపాటు. ఆమెను ఆమె కాలంలో తీసి ఉండవలసింది.

రష్యా విడిచి

1917 విప్లవంతో రష్యా తలకిందులైంది. సినిమావారిలో అనేకులు మాస్కో విడిచి నల్లసముద్రం ఒడ్డున యాల్టా చేరారు. స్టారెవిచ్ కుటుంబం కూడా వారిలో ఉన్నది. అక్కడా నిలువనీడ లేకపోయింది. అంతర్యుద్ధం ముంచుకు రాగా భార్యాపిల్లలతో ఇటలీ మీదుగా ఫ్రాన్సు చేరుకున్నారు. నాటికి ఆయన వయస్సు నలభైకి దగ్గరపడింది. మాస్కోలో సంపాదించుకున్న పేరు అక్కడే ఉండిపోయింది. ఫ్రాన్సులో తొలిరోజులలో ఇతరుల చిత్రాలకు కెమెరా పని చేసి పొట్టపోసుకున్నారు.

మన పెద్దలు దేశం విడిచినప్పుడు మూటలో ఏమి తెచ్చుకున్నారు? ఒక చీర, ఒక చెంబు, ఒక భజనపాట. స్టారెవిచ్ తెచ్చుకున్నది చేతులలోని విద్య. మాట అవసరం లేని బొమ్మలు గనుక, ఆయన యాస ఎవరికీ అడ్డం కాలేదు. మళ్లీ బొమ్మల చిత్రాలు మొదలుపెట్టారు. 1922లో రాజు కావాలని కోరిన కప్పల కథ తీశారు. 1924లో పారిస్ శివారున ఫోంతనే-సూ-బువా అనే ఊళ్లో స్థిరపడ్డారు. ఇక చనిపోయేవరకు అదే ఊరు. ఇల్లే స్టూడియో, స్టూడియోయే ఇల్లు.

ఆ ఇంట్లో జీతగాళ్ల గుంపు లేదు. భార్య ఆన్నా బొమ్మలకు బట్టలు కుట్టేది. పెద్ద కూతురు ఇరీనా తండ్రి పక్కన నిలబడి బొమ్మలు తయారు చేయడం, కదిలించడం, కథలు అల్లడం అన్నీ నేర్చుకున్నది. చిన్న కూతురు, నీనా స్టార్ అనే పేరుతో, బొమ్మల నడుమ నటించేది. ఆంధ్రదేశపు తోలుబొమ్మలాట మేళాలు గుర్తుకు రావడం లేదూ? అక్కడా తండ్రి బొమ్మ ఆడిస్తే, తల్లి పాట అందుకుంటుంది. పిల్లలు తాళం వేస్తారు. మరొక పోలిక కూడా ఉన్నది. స్టారెవిచ్ బొమ్మల ముఖాలకు మెత్తని పల్చటి తోలు తొడిగేవారు. లోపల కీళ్లున్న చట్రం, పైన తోలు ఉంటే పెదవి, కనుబొమ్మ ఇసుమంత కదిపినా భావం పలుకుతుంది. చచ్చిన పురుగుల నుంచి ఆయన చేరుకున్న మెట్టు అది.

1923లో వచ్చిన 'నైటింగేల్ కంఠం' అనే చిన్న చిత్రం ఆయన పేరు అమెరికా వరకు మోసుకుపోయింది. అందులో నీనా పిట్టను పట్టి పంజరంలో పెట్టిన పాప. రాత్రి కలలో ఆ పిట్ట తన జోడును, తన గూటిని తలచుకుని విలపించే కథంతా బొమ్మలతో నడుస్తుంది. తెల్లవారి లేచి పాప పంజరం తలుపు తీస్తుంది. పాప మెలకువ మనిషితో, పాప కల బొమ్మలతో! ఇందాక చెప్పిన మొదటి ఉపాయం ఇంత అందంగా వాడినవారు అరుదు. రంగులు అద్దిన ఈ చిత్రానికి 1925లో అమెరికాలో ఆ ఏటి మేటి వినూత్న లఘుచిత్రంగా రీజెన్‌ఫెల్డ్ పతకం లభించింది. ఇల్లు పోగొట్టుకుని వచ్చిన మనిషి, గూడు పోగొట్టుకున్న పిట్ట కథ తీశాడు. ఇది కేవలం పిల్లల కథ అని మేము అనుకోలేకపోతున్నాము.

1927లో కీచురాయి, చీమ కథను ఆయన మళ్లీ తీశారు. మొదటిసారి రష్యాలో, రెండవసారి ఫ్రాన్సులో. దేశం మారింది, కథ మారలేదు.

నక్క కథ, నారింజపండు కథ

ఆయన చేపట్టిన పెద్ద చిత్రం 'నక్క కథ'. ఫ్రాన్సులో మధ్యయుగాల నుంచి చెప్పుకునే జిత్తులమారి నక్క గాథ అది. మృగరాజు సింహం కొలువు, ఆ కొలువులో నక్క మీద తోడేలు మొదలైన జంతువుల ఫిర్యాదులు, నక్క మాయమాటలు వింటూంటే మనకు కరటక దమనకులు జ్ఞప్తికి రాక మానరు. 1929-30 ప్రాంతంలో తండ్రీ కూతుళ్లు కలిసి ఏడాదిన్నర పాటు బొమ్మలను కదిపి చిత్రం పూర్తి చేశారు. తీరా పూర్తయ్యేసరికి మూకీల కాలం పోయి టాకీల కాలం వచ్చింది. శబ్దం చేర్చడంలో చిక్కులు తలెత్తి చిత్రం ఏళ్ల తరబడి పెట్టెలో పడి ఉంది. చివరకు జర్మనీ వారి డబ్బుతో శబ్దం చేర్చగా 1937 ఏప్రిల్‌లో బెర్లిన్‌లో విడుదలైంది. డిస్నీ తీసిన స్నోవైట్ చిత్రం తెర ఎక్కినది అదే ఏడు డిసెంబరులో. ఫ్రెంచి మాటలతో ఫ్రాన్సు ప్రజలు నక్క కథ చూడగలిగినది 1941లో, అప్పటికి దేశం జర్మన్ల ఆక్రమణలో ఉండగా. ఒక మనిషి శ్రమ ఫలించడానికి ఇన్ని విఘ్నాలు.

పెట్టెలో పడి ఉన్న చిత్రం కోసం కూర్చొని ఏడవకుండా 1933లో ఆయన మరొక చిన్న చిత్రం తీశారు. దాని పేరు 'ఫెతీష్ మస్కోత్'. మా ఉద్దేశంలో ఆయన జీవితమంతా ఇమిడి ఉన్నది దీనిలోనే. బొమ్మలు కుట్టి అమ్ముకునే ఒక పేద తల్లి. జబ్బుపడి మంచం పట్టిన కూతురు. ఆ పాప నారింజపండు కావాలంటుంది. కొనడానికి తల్లి దగ్గర డబ్బు లేదు. కుక్కబొమ్మ కుడుతూ కుడుతూ ఆమె కార్చిన కన్నీటిబొట్టు బొమ్మలోని దూదిలో పడుతుంది. అదే దానికి గుండె అవుతుంది. మర్నాడు అంగడికి అమ్ముడుపోయిన ఆ కుక్కబొమ్మ తప్పించుకుని, పారిస్ వీధుల్లో నిజమైన మనుషుల కాళ్ల మధ్య, కార్ల చక్రాల మధ్య, ఆ పాప కోసం ఒక నారింజపండు సంపాదిస్తుంది. రాత్రి దయ్యాల విందులో చిక్కుకుని, చెత్తకుప్ప నుంచి లేచిన వింత ఆకారాలతో పెనుగులాడి, పండు పోగొట్టుకోకుండా ఇల్లు చేరుతుంది.

తల్లీ కూతురూ మనుషులు, మిగతావారు బొమ్మలు. మనుషులతో నిండిన వీధి వెనుక తెర మీద కదులుతూంటే ముందు బొమ్మ నడుస్తుంది. ఇందాక చెప్పిన మూడవ ఉపాయం ఇదే. అదే 1933లో అమెరికాలో కింగ్ కాంగ్ చిత్రం వచ్చింది. అందులోని రాక్షస గొరిల్లా కూడా ఇటువంటి బొమ్మే. కాని అది పెద్ద కంపెనీ, పెద్ద బృందం చేసిన పని. స్టారెవిచ్‌ది ఇంటిల్లిపాదీ చేసుకున్న పని. ఇంకొక కిటుకు కూడా ఆయన వాడారు. పరుగెత్తే బొమ్మను ఫ్రేము తీస్తున్న క్షణంలోనే కాస్త లాగితే, నిజమైన పరుగులో లాగానే దాని అంచులు మసకబారతాయి. దానితో కుదుపు తగ్గి నడక సహజంగా కనబడుతుంది. ఆ కుక్కబొమ్మను జనం మెచ్చుకోగా, 1937 వరకు దానితో మరి కొన్ని చిత్రాలు తీశారు.

చివరి రోజులు

రెండవ ప్రపంచయుద్ధం ఆ ఇంటి పనిని కుంటుపరచింది. యుద్ధం తరువాత 1947లో ఒక జిరాఫీ కథ, 1949లో 'ఫెర్న్ పువ్వు' తీశారు. ఫెర్న్ మొక్కకు పువ్వు పూయదు. ఏడాదిలో ఒక్క రాత్రి పూస్తుందని తూర్పు ఐరోపా పల్లెల్లో చెప్పుకునే గాథ. ముప్పై ఏళ్లు ఫ్రాన్సులో గడిపినా బాల్యంలోని కథ మరువలేదన్నమాట. ఈ చిత్రానికి 1950లో వెనిస్ ఉత్సవంలో బహుమతి వచ్చింది.

1956లో భార్య ఆన్నా కన్నుమూసింది. ఆయన పని మానలేదు. 1958లో మంచుదేశపు కథ ఒకటి పూర్తి చేశారు. ఎనభై దాటిన తరువాత కుక్క, పిల్లి కథ ఒకటి ఆరంభించారు. అది పూర్తి కాకుండానే 1965 ఫిబ్రవరి 26న, తన 82వ ఏట తనువు చాలించారు. బల్ల మీద బొమ్మలు ఆగిపోయాయి.

ఇప్పుడు ఇరీనా సంగతి. నక్క కథ నాటి నుంచి చివరి చిత్రం వరకు ఆమె తండ్రికి కుడిభుజమై నిలిచింది. కథలలో, దర్శకత్వంలో ఆమె పాలు ఉన్నది. అయినా లోకం స్టారెవిచ్ అన్నప్పుడు తండ్రినే తలుస్తుంది. 1992లో ఆమె మరణించింది. మన ఇళ్లల్లో కూడా ఇంతే కదా. భజన మేళం తాతగారి పేర చెప్పుకుంటాము. ఆ పాటలు వ్రాసి దాచినది ఏ మేనత్తో అయి ఉంటుంది. ఆమె పేరు ఏ సంచికలోనూ అచ్చు కాదు. అందుకే ఆ పేరు గుర్తుంచుకొమ్మని మొదట కోరాము.

తరువాతి తరంలో మనవరాలు లెయోనా బెయాత్రీస్, భర్తతో కలిసి, పాడైపోతున్న ఆ ఫిల్ములను వెదకి, బాగుచేయించి, మళ్లీ తెర మీదకు తెచ్చింది. 2001లో టెర్రీ గిలియమ్ అనే దర్శకుడు తనకు నచ్చిన మేటి పది యానిమేషన్ చిత్రాలలో కుక్కబొమ్మ చిత్రాన్ని చేర్చాడు. తాత చేసినది, కూతురు మోసినది, మూడో తరం కాపాడినది. మూడో తరం వాళ్లమైన మాకు ఈ సంగతి చాలా ధైర్యం ఇచ్చింది.

మా సినిమా మాట

మామ్మగారిని మళ్లీ తీయాలని, ఈసారి ఆమెను ఆమె కాలంలో మాట్లాడనిచ్చి బొమ్మను తరువాత కలపాలని పిల్లలు నిశ్చయించుకున్నారు. సెలవుల తరువాత మొదలుపెడదామని మేమే వాయిదా వేశాము. ఆ సెలవులలోనే మామ్మగారు కాలం చేశారు. మాకు మిగిలినవి ఆ వణికే ఫోటోలు మాత్రమే. ఆమె గొంతు మేము పట్టుకోలేదు. ఓడ దిగిన ముత్తాతకు ఆమె ఏమి చెప్పాలనుకున్నారో, ఏ మాటలతో చెప్పాలనుకున్నారో, ఇక ఎవరికీ తెలియదు. ఈ వాయిదా తప్పు మాదే. దీనిని ఇక్కడ ఒప్పుకోకపోతే ఈ వ్యాసం వ్రాసి ప్రయోజనం లేదు.

పిల్లలు మాత్రం మాకన్నా తెలివైనవారు. ఆ ఫోటోలను పారేయడానికి వారు ఒప్పుకోలేదు. పండుగనాడు ఆ నిమిషం సినిమా ఉన్నది ఉన్నట్లుగా, మాట లేకుండానే ప్రదర్శిస్తారు. బొమ్మ నడుస్తుంది, మామ్మగారు వణుకుతూ నవ్వుతారు. చూసి నవ్వండి, ఆమె కూడా నవ్వారు.

చదువరులకు ఒక మనవి. మీ ఇంట్లో తెలుగు మాట్లాడగల పెద్దలుంటే ఒక సాయంకాలం మా తరగతికి తీసుకురండి; రాలేనివారైతే కబురు పంపండి, పిల్లలే వస్తారు. వారు చెప్పేది పాట కానీ, సామెత కానీ, వంట చేసే విధం కానీ, ఏదైనా సరే, వారి కాలంలో వారిని మాట్లాడనిచ్చి భద్రపరుస్తాము. బొమ్మ ఎంత కాలమైనా ఓపిక పడుతుంది. మనిషి పట్టలేడు. ముందు మనిషిని పలకరిద్దాము. బొమ్మను తరువాత కదపవచ్చు.